హెన్రీ గ్రిన్నెల్‌ది దయా, పేరు పిచ్చా?

మంచుపిట్ట:
1845లో బ్రిటిష్ నౌకాధికారి సర్ జాన్ ఫ్రాంక్లిన్ ఎరెబస్, టెర్రర్ ఓడలతో ఆర్కిటిక్ వెళ్ళి మళ్ళీ కనబడలేదు. మొత్తం 129 మంది. అమెరికా ప్రభుత్వం నానుస్తుంటే న్యూయార్క్ ఓడల వ్యాపారి హెన్రీ గ్రిన్నెల్ సొంత డబ్బుతో రెండు ఓడలు కొని, 1850లో వెతకడానికి పంపాడు. పోయినవాళ్ళు పరాయి దేశం వాళ్ళు! ఇది దయ కాక మరేంటి?

ఉప్పునీళ్ళు:
దయే అయితే మ్యాప్‌లో, కెనడా ఉత్తరపు కొసన, గ్రిన్నెల్ ల్యాండ్ అనే ప్రాంతం ఎందుకుందండీ? 1853లో గ్రిన్నెల్ రెండో యాత్రకు నాయకుడిగా వెళ్ళిన డాక్టర్ కేన్, గ్రీన్‌లాండ్ పక్కనున్న స్మిత్ జలసంధి గుండా ఉత్తరానికి పోయాడు, ధ్రువం దగ్గర మంచు లేని సముద్రం ఉందని నమ్మి. ఫ్రాంక్లిన్ ఓడలు 2014లో, 2016లో దొరికిందేమో ఎంతో దక్షిణాన, కింగ్ విలియం దీవి వైపు. వెతుకులాట పేరుకే, చూపంతా ధ్రువం మీదే.

మంచుపిట్ట:
2014లో తెలిసినదాంతో 1853 వాళ్ళను తిడితే ఎలా? ఆ పేర్లు పెట్టింది యాత్రికులు, ఆయన కాదు. పైగా 1850 నాటి మొదటి యాత్రలో దాని నాయకుడు డి హేవెన్ మనుషులు బ్రిటిష్ వాళ్ళతో పాటు బీచీ దీవిలో ఫ్రాంక్లిన్ నావికుల మూడు సమాధులు చూశారు. అది తక్కువ ఆధారమా?

పాతపటాలు:
మీ ఇద్దరూ ఆర్కిటిక్ స్థానికులైన ఇనుయిట్‌లను మర్చిపోయారు. 1854లో జాన్ రే అనే అన్వేషకుడు వాళ్ళను అడిగే అసలు కబురు తెచ్చాడు. ఫ్రాంక్లిన్ మనుషులు ఆకలికి తోటివాళ్ళ శవాలనే తిన్నారని చెప్పినందుకు లండన్‌లో తిట్లు తిన్నాడు పాపం. 1860లో ఫ్రాంక్లిన్ జాడ వెతకబోయిన అమెరికన్ చార్లెస్ ఫ్రాన్సిస్ హాల్‌కు కూడా గ్రిన్నెల్ సాయం చేశాడు. హాల్ ఇనుయిట్‌ల మధ్యే బతికాడు. అప్పటికి దాదాపు మూడొందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు నావికుడు ఫ్రోబిషర్ యాత్ర ఆనవాళ్ళు వాళ్ళు చెప్పిన కథల వల్లే దొరికాయి. నన్నడిగితే గ్రిన్నెల్ డబ్బు సరైన చోట పడింది అక్కడే.

ఉప్పునీళ్ళు:
హాల్ సంగతి ఒప్పుకుంటా. కేన్ జట్టు మాత్రం 1855లో ఓడను మంచులోనే వదిలేసి, చిన్న పడవల్లో గ్రీన్‌లాండ్‌లోని ఉపెర్నవిక్ చేరింది. అంతకుముందు ఇనుయిట్‌లు మాంసం పెట్టకపోతే ఆకలికే పోయేవాళ్ళు. కేన్ జట్టును వెతకడానికి అమెరికా నుంచి ఇంకో జట్టు బయల్దేరాల్సి వచ్చింది కూడా. గ్రిన్నెల్ గారు న్యూయార్క్‌లో వెచ్చగానే ఉన్నారు.

మంచుపిట్ట:
కేన్ తనంతట తానే కోరుకుని వెళ్ళాడు కదండీ. మొదటి యాత్రలోనూ డాక్టరే, ఆ చలి ఏంటో తెలిసినవాడే.