పార్కిన్సన్స్‌కి పాట, స్టెప్పులు: నెలకు 8,000 కట్టొచ్చా, దండగా?

చిక్కడపల్లి కోడలు: మా మామయ్యగారికి 71 ఏళ్లు, పార్కిన్సన్స్ (వణుకుడు రోగం). గడప దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. ఇక్కడొక సెంటర్ వాళ్లు మ్యూజిక్, మూవ్‌మెంట్ థెరపీతో మెదడు చురుకవుతుందంటూ నెలకు 8,000 అడుగుతున్నారు. కట్టమంటారా?

మలక్‌పేట మాస్టారు: వద్దమ్మా. 1993లో మొజార్ట్ అనే పాశ్చాత్య స్వరకర్త సంగీతం వింటే తెలివి పెరుగుతుందని ఇలాగే ఊదరగొట్టారు. తీరా చూస్తే 36 మంది కాలేజీ పిల్లలు పది నిమిషాలు విన్నారు, ఒక రకం పరీక్షలో కాస్త మెరుగయ్యారు, పావుగంటలో అదీ పోయింది. దాన్ని చూపించి పసిపిల్లల తల్లిదండ్రులకు సీడీలు అంటగట్టారు.

కూకట్‌పల్లి ఫిజియో: మాస్టారూ, తెలివి సంగతి వేరు, నడక సంగతి వేరు. పార్కిన్సన్స్‌లో కదలికలకు కావాల్సిన డోపమైన్ అనే రసాయనం మెదడులో తగ్గి, అడుగుకీ అడుగుకీ లోపల పడాల్సిన తాళం తప్పుతుంది. బయటి నుంచి టక్ టక్ వినిపిస్తే కాళ్లు దాన్ని అందుకుంటాయి. 1990ల నుంచీ పరిశోధనలున్నాయి: అడుగు పొడవు, నడక వేగం రెండూ పెరిగాయి. ముందు ఆయన నిమిషానికి ఎన్ని అడుగులేస్తున్నారో లెక్కపెట్టి మెట్రోనోమ్‌ను, అంటే టక్ టక్‌మని తాళం కొట్టే సాధనాన్ని, అదే వేగానికి పెట్టాలి. హుషారు పాట కదా అని పెడితే పడిపోతారు. మాత్రలు మాత్రం ఆపకూడదు.

బోడుప్పల్ పోరడు: మా నాయనమ్మకు పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. మంచినీళ్లు అని కూడా అడగరాకపోతుండె. బతుకమ్మనాడు ఆడోళ్లు పాటెత్తుకుంటే "ఉయ్యాలో" అని అందుకుంది! ఇంటిల్లిపాది ఏడ్చినం.

కూకట్‌పల్లి ఫిజియో: మెదడులో ఎడమవైపు దెబ్బతిని మాట పోయినా కొందరికి పాట మిగులుతుంది తమ్ముడూ. దాని ఆధారంగానే 1973లో మాటల్ని రాగంలో పలికించే చికిత్స మొదలుపెట్టారు. అందరికీ పనిచేయదు.

మలక్‌పేట మాస్టారు: సరే, ఒప్పుకున్నా. టక్ టక్ ఆగితే?

కూకట్‌పల్లి ఫిజియో: కొన్ని వారాలు సాధన చేస్తే కొంత నిలుస్తుంది, మానేస్తే మళ్లీ తగ్గుతుంది. రోగం నయమవుతుందని నేననలేదుగా.

మలక్‌పేట మాస్టారు: మెట్రోనోమ్ ఫోన్‌లో ఉచితంగా వస్తుంది. మరి 8,000 దేనికి?

కూకట్‌పల్లి ఫిజియో: పడబోతే పట్టుకునే మనిషికి. ఆ మనిషి ఉన్నారో లేదో కనుక్కోండమ్మా.

చిక్కడపల్లి కోడలు: ఇప్పుడే ఫోన్ చేశాను. ఫిజియో ఉన్నారా అంటే, "హోమ్ థియేటర్ ఉందండీ" అన్నారు.