పుర్రె ఎముకలు నేర్చుకోవడానికి నిజమైన పుర్రె కావాలా?

మొదటేడు_అమ్మాయి:
నేను ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. సీనియర్ల దగ్గర ఎముకల సెట్టు కొనుక్కోమని అందరూ అంటున్నారు గానీ, మనిషి ఎముకలు మన గడప దాటకూడదని మా అమ్మ తేల్చి చెప్పింది. ప్లాస్టిక్ నమూనాతోనూ ఫోనులోని త్రీడీ యాప్‌తోనూ 28 ఎముకలను నేర్చుకుంటే వైవా (మౌఖిక పరీక్ష) గట్టెక్కగలనా?

పాత_బ్యాచ్:
గట్టెక్కలేరమ్మా. నేను ప్లాస్టిక్ పుర్రె మీదే చదివి వెళ్లాను. ఎగ్జామినర్ చేతికిచ్చిన పుర్రెలో నుదుటి నడుమ నిలువుగా ఒక గీత కనిపిస్తే అది పగులని చెప్పాను. పసితనంలో రెండు ముక్కలుగా ఉండే నుదుటి ఎముక కొందరిలో పూర్తిగా కలవదని, ఆ అతుకును మెటోపిక్ సూచర్ అంటారని సప్లిమెంటరీకి చదివేటప్పుడు గాని తెలియలేదు. వెనుక లాంబ్డాయిడ్ అతుకులో కొందరికి ఉండే చిన్న చిన్న అదనపు ఎముకలు కూడా నా నమూనాలో లేవు.

లెక్కల_మనిషి:
ముందు సంఖ్య సరిచేసుకోండి. కపాలంలో 8, ముఖంలో 14, మొత్తం 22.

మొదటేడు_అమ్మాయి:
రెండు చెవులలోని మూడేసి చిన్న ఎముకలను కలిపి 28 అని మా నోట్సులో ఉందండీ.

లెక్కల_మనిషి:
అవి కణత వైపున్న టెంపోరల్ ఎముక లోపల ఉన్నంత మాత్రాన పుర్రె ఎముకలు కావు. బీరువాలో నగ ఉంటే అది బీరువాలో భాగమవుతుందా? ఇలాగే కలుపుకుంటూ పోతే గొంతులోని హయాయిడ్ ఎముకతో 29 అంటారు.

మేడమీద_గది:
పాత_బ్యాచ్ గారూ, నాలుగు చేతులు మారి నాకు వచ్చిన నిజమైన పుర్రెలో చెవి కింద సూదిలా ఉండే స్టైలాయిడ్ మొన రెండువైపులా విరిగిపోయి ఉంది. కంటి గూటిలో కాగితంలా పలుచనైన లాక్రిమల్ ఎముక చితికిపోయి ఏర్పడిన కంతను నేను ఫొరామెన్ (నరాలు, రక్తనాళాలు వెళ్లే సహజమైన రంధ్రం) అనుకుని రెండు వారాలు పుస్తకంలో వెతికాను. పుర్రె అడుగున ఉండే స్ఫీనాయిడ్ ఎముకలోని రొటండం, ఒవేల్, స్పైనోజం రంధ్రాలు నాకు స్పష్టంగా అర్థమైంది ప్లాస్టిక్ నమూనాలోనే.

పాత_బ్యాచ్:
సెట్టు విరిగితే ఆ తప్పు ఎముకది కాదు. నిజమైన పుర్రె లోపల దీపం పెట్టి చూడండి, కణత దగ్గర వెలుతురు బయటికి తెలుస్తుంది. నాలుగు ఎముకలు కలిసే టెరియాన్ ఎంత పలుచనో, దాని లోపలి వైపున మెదడు పొరకు రక్తం అందించే మిడిల్ మెనింజియల్ ధమని ఎలా సాగుతుందో చూసినవాడికి, కణత మీద దెబ్బకు ఆ ధమని చిట్లి లోపల రక్తం చేరుతున్న మనిషి కాసేపు మామూలుగా మాట్లాడి ఆ తరువాత ఎందుకు కుప్పకూలవచ్చో మళ్లీ చెప్పనవసరం లేదు. అంతటా ఒకే మందంతో పోసిన ప్లాస్టిక్ అది నేర్పదు.

లెక్కల_మనిషి:
మొదటి ప్రశ్నలో ఇంకా 28 అనే ఉంది.

మేడమీద_గది:
దీపం పెట్టింది ఎవరి తలలోనో ఎప్పుడైనా ఆలోచించారా? మా చిన్నతాత ఇల్లు విడిచి వెళ్లి మళ్లీ కనిపించలేదు. ఎవరూ రాని శవాలను అనాటమీ చట్టాల కింద వైద్య కళాశాలలకు ఇస్తారని తెలిసిన నాటి నుంచి ఆ సెట్టు పెట్టె తెరవడానికి నాకు చేతులు రాలేదు. విదేశాలకు అస్థిపంజరాల ఎగుమతిని 1985లో నిషేధించారు, సరే. హాస్టల్ గదుల్లో కాగితం ముక్క అయినా లేకుండా చేతులు మారుతున్న వాటి మాటేమిటి?

పాత_బ్యాచ్:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే స్టైలాయిడ్ గురించి ఇంత వాదన ఉండేది కాదు. మా నాన్నగారు దేహదానం చేశారు. ఎముకలను తాకడమే అపచారమన్నట్టు మీరు మాట్లాడితే నాకు ఆయన్ని అన్నట్టుగా ఉంటుంది.

మేడమీద_గది:
మీ నాన్నగారు సంతకం చేసి వెళ్లారు, ఆయనకు నా నమస్కారం. నా పెట్టెలోని మనిషి చేశాడా అన్నదే నా ప్రశ్న.

మొదటేడు_అమ్మాయి:
మా డిపార్ట్‌మెంటులో అక్కడే కూర్చుని చూసుకోవడానికి ఎముకలు ఇస్తారని ఈ రోజే తెలిసి వెళ్లాను. అతుకులు చూద్దామని పుర్రెను చేతిలోకి తీసుకున్నాను గానీ, ఒకవైపు మాత్రమే బాగా అరిగిపోయిన దంతాల దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఆ మనిషి ఎప్పుడూ అటువైపే నమిలేవాడేమో.

లెక్కల_మనిషి:
దంతాలను మాత్రం ఎముకల లెక్కలో కలపకండి.