సిట్రేట్ ట్యూబులోనూ ప్లేట్‌లెట్లు గుంపు కడితే కౌంట్ ఎలా ఇవ్వాలి?

ల్యాబ్‌లో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు. పర్పుల్ మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు) ట్యూబులో అనలైజర్ (కణాలు లెక్కపెట్టే యంత్రం) ప్లేట్‌లెట్ కౌంట్ 38,000 చూపించింది. పేషెంటుకు జ్వరం లేదు, రక్తస్రావం లేదు, ఒంటిమీద ఎర్ర చుక్కలూ లేవు. ట్యూబులో గడ్డ లేదు. స్మియర్ (గాజు స్లైడు మీద పలచగా పరిచిన రక్తం) తోక అంచున మాత్రం అంతా ప్లేట్‌లెట్ల గుంపులే. ఈడీటీఏ వల్ల వచ్చిన తప్పుడు తక్కువ కౌంటేనని అనుమానం.

నీలం మూత సిట్రేట్ (గడ్డకట్టకుండా కలిపే ఇంకో మందు, ద్రవంగా ఉంటుంది) ట్యూబును గీత వరకు నింపి మళ్లీ పెడితే 61,000. పలచబడినందుకు 1.1తో గుణించినా 67,100 మాత్రమే. అందులోనూ గుంపులున్నాయి, కాస్త చిన్నవి.

చల్లబడేకొద్దీ, ఆలస్యమయ్యేకొద్దీ గుంపులు పెరుగుతాయి కాబట్టి, తీసిన రక్తాన్ని 37 డిగ్రీల దగ్గరే ఉంచి వెంటనే నడిపితే సరిపోతుందా? వేలి కొన నుంచి నేరుగా స్మియర్ వేసి, ఆయిల్ ఇమ్మర్షన్‌లో (నూనె చుక్క వేసి చూసే మైక్రోస్కోపు లెన్సుతో) పది ఫీల్డుల ప్లేట్‌లెట్ల సగటును 15,000తో గుణిద్దామంటే, మందు కలవని రక్తంలో కొంత గుంపు మామూలే కదా! గుంపులు విడిపోవడానికి అమికాసిన్ (ఒక యాంటీబయాటిక్) కలిపి చూసినవాళ్లుంటే ఎంత, ఎప్పుడు కలిపారో చెప్పండి.

అంకె వెయ్యకుండా ‘గుంపులున్నాయి, స్మియర్‌లో సరిపడా ఉన్నాయి’ అని రిపోర్టిస్తే మీ దగ్గర డాక్టర్లు ఒప్పుకుంటున్నారా? డెంగీ సీజన్లో 38,000 అని కనబడితే ప్లేట్‌లెట్లు ఎక్కించేస్తారేమోనని భయం.