బోరిస్ నికొలాయెవ్‌స్కీ కాగితాలు: సేకరించిన మనిషి మాటను సాక్ష్యంగా ఎంతవరకు తీసుకోవచ్చు?

ప్రశ్న: చరిత్ర విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో చరిత్ర చదువుకుంటూ, స్టాలిన్ కాలంలో మరణశిక్షకు గురైన బోల్షెవిక్ నాయకుడు బుఖారిన్ చివరి రెండేళ్ల మీద ఒక పరిశోధన వ్యాసం రాస్తున్నాను. ఏ పుస్తకం తెరిచినా పాదసూచికల్లో బోరిస్ నికొలాయెవ్‌స్కీ పేరు ఎదురవుతోంది. ఒకచోట ఆయన చరిత్రకారుడు, ఒకచోట మెన్షెవిక్ (బోల్షెవిక్కులకు ప్రత్యర్థులైన రష్యన్ సోషలిస్టుల పక్షం) నాయకుడు, మరొకచోట పత్రాల సేకర్త, ఇంకొకచోట బుఖారిన్‌తో స్వయంగా మాట్లాడిన సాక్షి.

మా నాన్నగారి అల్మారాలో మాస్కో ప్రగతి ప్రచురణాలయం వారి తెలుగు పుస్తకాలు చదువుతూ పెరిగినవాణ్ణి కనుక, ఆ పుస్తకాల్లో నేనెన్నడూ చూడని ఈ పేరు ఇన్నిచోట్ల కనిపించడం నన్ను కలవరపెట్టింది.

నా సందేహాలు రెండు. ఆయన కాగితాలు అమెరికాలోని హూవర్ సంస్థకు ఎలా చేరాయి? 1936 వసంతంలో పారిస్‌లో బుఖారిన్ తనతో చెప్పిన మాటలే ఆధారమని ఆయన తర్వాతి కాలంలో వెల్లడించిన ‘ఒక పాత బోల్షెవిక్ లేఖ’ను నా వ్యాసంలో ఏ హోదాలో వాడుకోవాలి? బుఖారిన్ భార్య అన్నా లారినా తన జ్ఞాపకాల్లో అలాంటి సంభాషణ జరగనే లేదని గట్టిగా ఖండించినందువల్ల ఈ రెండో ప్రశ్న దగ్గర నా వ్యాసం ఆగిపోయింది.

జవాబు 1: పాతప్రతి

చరిత్ర విద్యార్థి గారూ, ఆయన కాగితాలు నడిచిన దారీ ఆయన నడిచిన దారీ ఒకటే కనుక మొదటి సందేహానికి జీవితంతోనే మొదలుపెడతాను.

నికొలాయెవ్‌స్కీ 1887లో బెలెబెయ్ అనే చిన్న పట్టణంలో ఆర్థొడాక్స్ మతగురువు కుమారుడిగా పుట్టారు. చిన్న వయసులోనే విప్లవోద్యమంలోకి వచ్చి, మొదట బోల్షెవిక్కులతో కొన్నాళ్లు ఉండి, తర్వాత మెన్షెవిక్కులలో చేరి, జారు కాలపు జైళ్లూ ప్రవాస శిక్షలూ అనుభవించారు. విప్లవం తర్వాత 1919 నుంచి 1921 వరకు మాస్కోలో విప్లవోద్యమ చరిత్రకు సంబంధించిన పత్రాలయాన్ని నడిపారు. తన పార్టీని అణచివేస్తున్న ప్రభుత్వం కిందే ఆ పని చేశారన్నది గమనించవలసిన విషయం. 1921లో అరెస్టయ్యి, 1922లో దేశం నుంచి వెళ్లగొట్టబడి బెర్లిన్ చేరారు.

ఆ తర్వాత జరిగినది మరింత ఆశ్చర్యకరం. వెళ్లగొట్టిన దేశంలోనే ఉన్న మార్క్స్–ఎంగెల్స్ సంస్థ తరఫున, దాని అధిపతి రియజానొవ్ కోసం, ఆయన బెర్లిన్‌లో మార్క్స్, ఎంగెల్స్ పత్రాలను వెతికి నకళ్లు చేయించి పంపేవారు. 1931లో రియజానొవ్‌ను పదవి నుంచి తొలగించడంతో ఆ పని ఆగిపోయింది. 1932లో నికొలాయెవ్‌స్కీ సోవియట్ పౌరసత్వాన్నే రద్దు చేశారు. మీ నాన్నగారి అల్మారాలోని మార్క్స్, ఎంగెల్స్ సంపుటాల వెనక రియజానొవ్ సంస్థ పోగుచేసిన నకళ్ల శ్రమ ఉంది. అందులో కొంత, ఆ పుస్తకాల్లో మీకు కనిపించని ఈ మనిషిది.

1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే ఆయన తన పత్రాలతో పాటు జర్మన్ సోషల్ డెమొక్రాట్ల పత్రాలను కూడా కాపాడి పారిస్‌కు చేర్చే పనిలో పాలుపంచుకున్నారు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అంతర్జాతీయ సామాజిక చరిత్ర సంస్థ ఏర్పడినప్పుడు దాని పారిస్ శాఖ బాధ్యత ఆయనకు అప్పగించారు. రూ మిషెలే వీధిలో, 7వ నంబరు ఇంట్లో ఉన్న ఆ శాఖలో, స్టాలిన్‌కు ప్రత్యర్థి అయిన విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ కుమారుడు సెదోవ్ తన తండ్రి పత్రాలు కొన్ని దాచుకోమని ఇచ్చాడు. 1936 నవంబరు 6 రాత్రి దొంగలు తలుపును గ్యాసు మంటతో కోసి లోపలికి చొరబడి, ఆ కట్టలే పట్టుకుపోయారు. పత్రాలు అక్కడున్నాయని తెలిసిన కొద్దిమందిలో సెదోవ్ సన్నిహితుడు మార్క్ జ్బొరోవ్‌స్కీ ఒకడు. అతడు సోవియట్ గూఢచారి అని 1950లలో బయటపడింది. పత్రాలయంలో కూర్చున్నవాడికి కాగితం ఎంత ప్రమాదకరమైన వస్తువో తెలుసుకోవడానికి ఈ ఒక్క రాత్రి చాలు.

1940లో జర్మన్ సైన్యం పారిస్‌ను ఆక్రమించడంతో ఆయన అమెరికా వెళ్లిపోయారు. ఫ్రాన్సులో మిగిలిన సామగ్రిలో చాలా భాగం నాజీల చేతికి చిక్కింది. యాభై మూడేళ్ల వయసులో న్యూయార్కులో ఆయన సేకరణ పని మళ్లీ అందుకున్నారు. యుద్ధం ముగిశాక జర్మనీ వెళ్లి, అక్కడ నిలువనీడ లేకుండా ఉన్న సోవియట్ శరణార్థుల దగ్గర కాగితాలు, వాంగ్మూలాలు సేకరించారు. 1963 చివర్లో ఆ సేకరణను హూవర్ సంస్థ కొనుగోలు చేసింది. కాగితాలతో పాటు ఆయన కూడా కాలిఫోర్నియాకు వెళ్లి, 1966 ఫిబ్రవరిలో మరణించేవరకు వాటి సంరక్షకుడిగానే ఉన్నారు. ఆ తర్వాత ఆయన జీవిత సహచరి అన్నా బూర్గినా ఆ బాధ్యతను 1982లో తాను మరణించేవరకు మోశారు. 800కు పైగా పెట్టెలున్న ఆ సేకరణలోనే 1980లలో ట్రాట్‌స్కీ, సెదోవ్‌ల పత్రాలు గణనీయంగా బయటపడ్డాయి.

జవాబు 2: మూలాధారం

పాతప్రతి గారు దారి చూపించారు కనుక నేను లేఖ దగ్గరికి నేరుగా వస్తాను.

బుఖారిన్ 1936లో పారిస్ వచ్చింది నికొలాయెవ్‌స్కీని కలవడానికి కాదు. జర్మన్ సోషల్ డెమొక్రాట్ల దగ్గరున్న మార్క్స్ పత్రాలను సోవియట్ ప్రభుత్వం కోసం కొనడానికి అదొరాత్‌స్కీ, అరోసెవ్‌ అనే మరో ఇద్దరు సోవియట్ ప్రతినిధులతో కలిసి వచ్చారు. బేరంలో అవతలి పక్షం తరఫున కూర్చున్నవారిలో నికొలాయెవ్‌స్కీ ఉన్నారు. కనుక ఇద్దరూ పలుమార్లు కలిశారన్నది వివాదం కాదు. ఒంటరిగా కూర్చుని రాజకీయాలు మాట్లాడుకున్నారా అన్నదే వివాదం. బేరం కుదరలేదు, బుఖారిన్ తిరిగి వెళ్లిపోయారు. 1937 ఫిబ్రవరిలో అరెస్టయ్యి, 1938 మార్చిలో కాల్చివేతకు గురయ్యారు.

‘లేఖ’ సంగతి. అది 1936 డిసెంబరులోనూ 1937 జనవరిలోనూ మెన్షెవిక్కుల పత్రిక ‘సోషలిస్తిచెస్కీ వెస్త్‌నిక్’లో పేరు లేకుండా వెలువడింది. ఈ తేదీలను మీ బల్ల ముందు రాసి పెట్టుకోండి. బుఖారిన్ పారిస్ విడిచింది వసంతంలో. లేఖలో ప్రస్తావనకు వచ్చే పాత బోల్షెవిక్ నాయకులు జినోవియెవ్, కామెనెవ్‌ల విచారణ జరిగింది ఆగస్టులో. అంటే, బుఖారిన్ నిజంగానే ఎన్నో మాటలు చెప్పి ఉన్నా, మన చేతిలో ఉన్న పాఠం ఆయన నోటి నుంచి వచ్చినట్టుగా వచ్చినది కాదు. నికొలాయెవ్‌స్కీ ఇతర సమాచారంతో కలిపి, ఒక ఊహాజనిత బోల్షెవిక్ గొంతులో అల్లిన రచన.

ర్యూతిన్ ఉదంతం తీసుకోండి. 1932లో స్టాలిన్‌కు వ్యతిరేకంగా పత్రం రాసిన ర్యూతిన్‌ను చంపాలని స్టాలిన్ పట్టుబట్టగా లెనిన్‌గ్రాడ్ పార్టీ నాయకుడు కీరోవ్ అడ్డుపడ్డాడన్న కథ ప్రపంచానికి ప్రధానంగా ఈ లేఖ ద్వారానే తెలిసింది. ర్యూతిన్ పత్రం ఉన్నదని, అతనికి అప్పుడు పదేళ్ల శిక్ష పడిందని, 1937 జనవరిలో కాల్చి చంపారని తర్వాత తెరుచుకున్న రికార్డులు రుజువు చేశాయి. కీరోవ్ అడ్డుపడిన సన్నివేశాన్ని మాత్రం ఆ రికార్డుల్లో పనిచేసిన చరిత్రకారులు ధ్రువీకరించలేకపోయారు. ఒకే పేరాలో నిజమూ నిర్ధారణ కాని మాటా పక్కపక్కనే ఉన్నాయి కనుక, లేఖను మొత్తంగా నమ్మడమూ మొత్తంగా తోసిపుచ్చడమూ రెండూ తప్పే.

లారినా గారి ఖండనను తేలికగా తీసుకోకండి. ఇరవై ఏళ్లకు దగ్గరగా శిబిరాల్లో, ప్రవాసంలో గడిపి, భర్త చివరి సందేశాన్ని కాగితం మీద పెట్టకుండా కంఠస్థం చేసి కాపాడిన మనిషి ఆమె. అయినా, ఆమె పారిస్ చేరింది ఏప్రిల్‌లోనే. అంతకుముందు వారాల్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో ఆమె కళ్లారా చూసిన విషయం కాదు. విదేశంలో ఒక మెన్షెవిక్కుతో గుండె విప్పి మాట్లాడాడన్నదే భర్త మీద మోపిన నేరాలకు బలం చేకూర్చే ఆరోపణగా ఆమెకు తోచిందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

నా సలహా ఇది: 1936 డిసెంబరు నాటికి క్రెమ్లిన్ గురించి ప్రవాస మెన్షెవిక్కులకు ఏమి తెలుసో, వారు ఏమి నమ్మారో చెప్పడానికి లేఖను ధైర్యంగా వాడండి. ‘బుఖారిన్ ఇలా అన్నారు’ అన్న వాక్యం రాయడానికి మాత్రం వాడకండి.

జవాబు 3: పెన్నాతీరం

నేను రష్యన్ భాష బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. కాలిఫోర్నియాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు పది రోజులు స్టాన్‌ఫర్డ్ వెళ్లి ఈ సేకరణలో కొంత చూశాను. చాలావరకు మైక్రోఫిల్ము మీదనే చదివాను.

మూలాధారం గారి నిర్ణయం సరైనదే అయినా ఒక మాట చేర్చాలనిపిస్తోంది. ఇదే మనిషి, జారు పోలీసుల తరఫున విప్లవకారుల మధ్య పనిచేసిన అజెఫ్ జీవితం రాసినప్పుడు, విప్లవకారులను మాత్రమే కాక, బెర్లిన్‌లో ప్రవాసిగా ఉన్న పోలీసు అధికారి గెరాసిమొవ్‌ను కూడా కలిసి, వేటగాడి మాటనూ వేటాడబడినవారి మాటనూ ఎదురెదురుగా పెట్టి చూశారు. అంతటి పరిశీలకుడు 1936లో పాత్రికేయుడిగా రాసిన దాన్ని ఆయన చరిత్ర రచనతో కలిపి తూచకూడదని నా అభిప్రాయం.

ఇక పని విషయం. సేకరణ జాబితా అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. వ్యక్తుల పేర్లతో వెతకక ముందు, కాగితాలను ఏయే వరుసలుగా (సిరీస్‌లుగా) విడదీశారో పూర్తిగా చదవండి. ఆయన పంపిన ఉత్తరాల కార్బను ప్రతుల మీద చాలాచోట్ల పూర్తి పేరుకు బదులు పొడి అక్షరాలే ఉండటంతో, ఒక్క ఉత్తరం ఎవరికో తేల్చుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. 1918 ఫిబ్రవరికి ముందటి రష్యా కాగితాల తేదీలు మన లెక్కకు 13 రోజులు వెనక ఉంటాయి. 19వ శతాబ్దపువైతే 12 రోజులు. రష్యన్ చేతిరాతలో ‘త’ అక్షరం అచ్చం ఆంగ్లపు ‘ఎమ్’లా ఉంటుంది కనుక కనీసం నెల రోజులు చేతిరాత సాధన చేసి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: చరిత్ర విద్యార్థి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన నాకు ముందే రావలసింది. నా రెండో అధ్యాయంలో ‘బుఖారిన్ అన్నారు’ అని రాసిన వాక్యాలు ఐదు ఉన్నాయి. ఈ రాత్రి వాటిని తీసేసి, ‘1936 డిసెంబరులో ప్రవాస పత్రికలో అచ్చయిన రచన ప్రకారం’ అని మారుస్తున్నాను. పెన్నాతీరం గారూ, మీకు అభ్యంతరం లేకపోతే, 1936 ఉత్తరాలున్న వరుసల సంఖ్యలు మీ నోటు పుస్తకంలో చూసి ఇక్కడ రాయగలరా?