పలెర్మోకి వెళ్ళనిది ఫిన్నీయా, వెళ్ళనివ్వనిది ప్రెస్టనా?

పాతలీగు:
పాతకాలపు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ ఫిన్నీ పేరెత్తగానే "ఒకే క్లబ్బుకి అంకితం" అని హారతులు పట్టేస్తారు. ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కి 433 లీగ్ మ్యాచ్‌లు, 187 గోల్స్, కాదనను. కానీ 1952లో ఇంగ్లండ్ జట్టుతో ఇటలీ వెళ్ళినప్పుడు అక్కడి క్లబ్బు పలెర్మో అధ్యక్షుడు అతని ముందు పెట్టిన బేరం చూడండి. సంతకానికి 10,000 పౌండ్లు, జీతం నెలకి 130, పైన బోనస్, విల్లా, కారు. ఫిన్నీ ఊరికొచ్చి క్లబ్బు ఛైర్మన్‌ని అడిగాడు. ఆయన ససేమిరా అన్నాడు. కథ అక్కడితో సరి. వెళ్తానని అడిగినవాడికి విధేయుడనే బిరుదేంటి?

అవుట్‌సైడ్‌రైట్:
అడగడం వేరు, పట్టుబట్టడం వేరండీ. అప్పటి మరో ఇంగ్లండ్ ఆటగాడు విల్ఫ్ మానియన్ 1948లో తన క్లబ్బు మిడిల్స్‌బ్రోకి సంతకం పెట్టనని నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాడు. నీల్ ఫ్రాంక్లిన్ 1950లో తన క్లబ్బు స్టోక్‌ని వదిలి కొలంబియాలోని బొగోటా విమానం ఎక్కేశాడు. ఫిన్నీ మాత్రం మళ్ళీ సంతకం పెట్టి ఆడుకున్నాడు. చేతిలో ప్లంబింగ్ పని, సొంత వ్యాపారం ఉన్నాయి. ఆడకపోతే పస్తులుండే మనిషి కాదు. ఉండిపోయాడంటే ఇష్టపడే.

పాతలీగు:
ఫ్రాంక్లిన్ ఉదాహరణ ఇక్కడ అతకదు. అప్పట్లో కొలంబియా లీగ్ ఫిఫా గొడుగు కింద లేదు కాబట్టి పాత క్లబ్బు అనుమతి లేకుండానే చేర్చుకున్నారు. ఇటలీ ఫిఫాలో ఉంది, ప్రెస్టన్ కాగితం ఇవ్వనిదే పలెర్మో అతన్ని బరిలోకి దించలేదు. పైగా ఫ్రాంక్లిన్ కొన్ని నెలలకే వెనక్కొచ్చి సస్పెన్షన్ తిన్నాడు, ఇంగ్లండ్‌కి మళ్ళీ ఆడనే లేదు. మానియన్ కూడా చివరికి మిడిల్స్‌బ్రోకే తిరిగొచ్చాడు.

అసలు కిటుకు కాంట్రాక్టులో లేదు, రిజిస్ట్రేషన్‌లో, అంటే ఆటగాడు ఏ క్లబ్బువాడో లీగ్ దగ్గరుండే నమోదులో ఉంది. కాంట్రాక్టు ఏడాదికే. సీజన్ అయ్యాక క్లబ్బు తను వదులుకోని ఆటగాళ్ళ జాబితా, అంటే రిటెయిన్డ్ లిస్టు, లీగ్‌కి పంపుతుంది. అందులో పేరుంటే కాంట్రాక్టు ముగిసినా రిజిస్ట్రేషన్ క్లబ్బు దగ్గరే. కొత్త షరతులకి ఒప్పుకోకపోతే జీతం ఆగుతుంది, వేరే లీగ్ క్లబ్బులో చేరే వీలూ ఉండదు.

కొత్తసభ్యుడు7:
మరి లీడ్స్ ఆటగాడు జాన్ చార్లెస్ 1957లో ఇటలీ క్లబ్బు యువెంటస్‌కి ఎలా వెళ్ళాడు?

గోల్‌సగటు:
లీడ్స్ ఒప్పుకుంది కాబట్టి, 65,000 పౌండ్లు పుచ్చుకుని మరీ. అంతకుముందు ఏడాదే వాళ్ళ మైదానం ఎలాండ్ రోడ్‌లో వెస్ట్ స్టాండ్ కాలిపోయి డబ్బుకి కటకటగా ఉంది. అమ్మాలని క్లబ్బుకుంటే దారి నున్నగానే ఉండేది.

డబ్బు లెక్క కూడా చూడండి. 1952లో ఇంగ్లండ్‌లో గరిష్ఠ వేతనం సీజన్‌లో వారానికి 14, వేసవిలో 10. బోనస్‌లు పక్కనపెడితే ఏడాదికి 700 దాటదు. పలెర్మో జీతం 1,560, అంటే రెట్టింపు పైన. అసలు దెబ్బ సంతకం సొమ్ముది: 10,000 అంటే ఇంటి దగ్గర పద్నాలుగేళ్ళ జీతం ఒక్కసారి చేతికి రావడం. ఫిన్నీకి అప్పటికే ముప్పై.

అవుట్‌సైడ్‌రైట్:
డబ్బు సరే, ఆట? 1954లో పలెర్మో ఇటలీ రెండో డివిజన్ సెరీ బీకి జారింది. ప్రెస్టన్ 1953లో లీగ్ టైటిల్ అంచు దాకా వెళ్ళింది. చివరి మ్యాచ్‌లో డర్బీ మీద ఫిన్నీ పెనాల్టీతో గెలిచి ఆర్సెనల్‌తో సమానంగా 54 పాయింట్లు తెచ్చుకుంది. పాయింట్లు సమానమైతే కొట్టిన గోల్స్‌ని ఇచ్చిన గోల్స్‌తో భాగించే ఆ పాడు గోల్ సగటు లెక్క లేకపోతే కప్పు మనదే!

గోల్‌సగటు:
ఆ మాట ఎక్కడ విన్నా ఆగలేను. ఆర్సెనల్ 97 కొట్టి 64 ఇచ్చింది, ప్రెస్టన్ 85 కొట్టి 60. భాగిస్తే 1.516, 1.417. ఇప్పటిలా తీసివేసినా 33, 25. ఏ లెక్కలోనైనా ఆర్సెనలే.

అవుట్‌సైడ్‌రైట్:
సరే, కప్పు సంగతి వదిలేద్దాం. జార్జ్ ఈస్ట్‌హామ్ తన క్లబ్బు న్యూకాసిల్‌ని ఎదిరించి నెగ్గాడుగా? ఫిన్నీ కనీసం ప్రయత్నించలేదు.

పాతలీగు:
ఈస్ట్‌హామ్ 1960లో సంతకం పెట్టనన్నప్పుడు అతనికి 23. బయట ఉద్యోగం చేసుకుంటూ కూర్చున్నాడు, నవంబరులో న్యూకాసిలే దిగొచ్చి 47,500కి ఆర్సెనల్‌కి అమ్మింది. ఆటగాళ్ళ సంఘం అండతో నడిచిన కేసులో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ తీర్పు 1963లో వచ్చింది. అదీ రిటెయిన్ పద్ధతిని తప్పుపట్టిందే గానీ ట్రాన్స్‌ఫర్ ఫీజుల్ని ఎత్తేయలేదు. ముప్పై ఏళ్ళ ఫిన్నీ 1952లో ఆ దారి పట్టి ఉంటే, తీర్పు చేతికొచ్చేసరికి 41. ఈలోగా ఇంగ్లండ్ టోపీలు, అంటే దేశం తరఫున ఆడే మ్యాచ్‌లు, ఎన్ని పోయేవో మీరే లెక్కేయండి. మొత్తం 76లో చాలానే 1952 తర్వాతివి.