పెళ్లి అంటే ఏమిటో తేల్చాల్సింది మతమా, ప్రభుత్వమా?

అడవిగాలి:
కొన్నాళ్లుగా ఈ ప్రశ్న బుర్రలో తిరుగుతోంది. ఇక్కడ చట్టం తెలిసినవాళ్లూ, మతాన్ని నిష్ఠగా పాటించేవాళ్లూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. పెళ్లి చేసేది పూజారో, ఖాజీనో, పాస్టరో. అది పెళ్లి అవునో కాదో చెప్పే అధికారం ప్రభుత్వానికి ఎక్కణ్ణుంచి వచ్చింది? ముగ్గురు పెద్దవాళ్లు, ఎవరి బలవంతమూ లేకుండా, మా మతం ఒప్పుకుంటుంది, కలిసి బతుకుతాం అంటే మధ్యలో పోలీసులకి పనేముంది? పెళ్లి లేకుండా ఒకడు ఇద్దరితో కాపురం పెట్టినా చాలా దేశాల్లో నేరం కాదు, అదే మనిషి 'వీళ్లిద్దరూ నా భార్యలు' అని నలుగురి ముందు ఒప్పుకుంటే మాత్రం జైలు. బాధ్యత నెత్తిన వేసుకున్నవాడికి శిక్ష, తప్పించుకు తిరిగేవాడికి ఏమీ లేదు. నాకిది మింగుడు పడటం లేదు. బహుభార్యత్వం మంచిదని నేను అనడం లేదు, దయచేసి ఆ వైపు వెళ్లకండి. నా ఆలోచన ఒక్కటే, ప్రభుత్వం పెళ్లి జోలికి రాకుండా ఎవరి పెళ్లి వాళ్ల మతానికి వదిలేస్తే సరిపోదా?

పాత_వకీలు:
మీ బాధ అర్థమైంది కానీ ఈ వాదన 1879లోనే అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిందండి. అక్కడి యూటా ప్రాంతంలో మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్లకి అప్పట్లో బహుభార్యత్వం దైవాజ్ఞ. వాళ్ల పెద్ద బ్రిగమ్ యంగ్ దగ్గర కార్యదర్శిగా పనిచేసిన జార్జ్ రేనాల్డ్స్‌కి రెండో పెళ్లి కేసులో శిక్ష పడింది, మతస్వేచ్ఛ నా రాజ్యాంగ హక్కు అని ఆయన పైకోర్టుకి వెళ్లాడు. కోర్టు ఒక గీత గీసింది. ఏం నమ్ముతావో నీ ఇష్టం, ఆ నమ్మకాన్ని పనిలో పెట్టినప్పుడు మాత్రం చట్టం అడ్డు రావచ్చు అని. దానికి వాళ్లిచ్చిన ఉదాహరణల్లో ఒకటి ఏమిటో తెలుసా, భర్త చితి మీద కాలిపోవడం తన ధర్మమని ఒక భార్య నమ్మితే ప్రభుత్వం ఆపలేదా అని. మన సతీసహగమనమే. అదే తీర్పులో బహుభార్యత్వం దాదాపుగా ఆసియా, ఆఫ్రికా జనాల బతుకుల్లోనే కనిపించేదని కూడా రాశారు. గీత సరైన చోటే పడిందని నా నమ్మకం, కానీ గీసిన చేతికి ఆ చులకన అంటుకునే ఉంది.

ఆ తర్వాత జరిగింది చూస్తే మీ వైపు కూడా న్యాయం ఉందనిపిస్తుంది. యూటా ఆడవాళ్లకి 1870 నుంచే ఓటు ఉండేది. బహుభార్యత్వాన్ని అణచడానికి 1887లో తెచ్చిన చట్టంతోనే ఆ ఓటు లాగేశారు, ఆడవాళ్లని కాపాడతామని బయల్దేరినవాళ్లు చేసిన పని అది. 1890లో మోర్మన్ చర్చి బహుభార్యత్వం మానేస్తున్నట్టు ప్రకటించింది, మానని చిన్న గుంపులు మిగిలిపోయాయి. అలాంటి ఒక గుంపు ఉండే అరిజోనాలోని షార్ట్ క్రీక్ మీద 1953 జులైలో పోలీసులు తెల్లారకముందే పడి రెండు వందల మందికి పైగా పిల్లల్ని తీసుకుపోయారు. కొంతమంది తిరిగి ఇల్లు చేరడానికి రెండేళ్లు పట్టింది.

ఇంకో చిక్కు మన దగ్గరిది. రెండో పెళ్లి చేసుకున్న ఒకతన్ని 1965లో సుప్రీంకోర్టు నిర్దోషిగా వదిలేసింది. కారణం, ఆ పెళ్లిలో హోమం, సప్తపది జరిగినట్టు రుజువు కాలేదు. తంతు లేకపోతే అది పెళ్లి కాదు, పెళ్లే కాకపోతే రెండో పెళ్లి నేరమూ కాదు! మతాన్ని దాటి నిర్వచిస్తానన్న ప్రభుత్వం చివరికి ఏడడుగులు పడ్డాయా లేదా అని లెక్కపెట్టాల్సి వచ్చింది.

నూర్:
అడవిగాలి గారూ, మతానికి వదిలేద్దాం అన్నారు. మతంలో ఎవరికి? నేను ఐదు పూటలా నమాజు చేసే మనిషిని, ఇది బయట నుంచి వేస్తున్న రాయి కాదు. ఖురాన్‌లో నాలుగో సూరా (అధ్యాయం) మూడో ఆయతు (వాక్యం) నలుగురి దాకా అనుమతిస్తూనే, అందరికీ సమంగా న్యాయం చేయలేమన్న భయం ఉంటే ఒక్కరినే అంటుంది. అదే సూరా 129వ ఆయతు, మీరెంత కోరుకున్నా భార్యల మధ్య సమానంగా ఉండలేరు అంటుంది. ఈ రెండూ కలిపి చదివి ట్యునీషియా 1956లో బహుభార్యత్వాన్ని నిషేధించింది, మత విరుద్ధమని కాకుండా మతం పెట్టిన షరతు ఎవరి వల్లా కాదనే వాదనతో. అవే వాక్యాల్ని పక్క దేశంలో పండితుడు ఇంకోలా చదువుతాడు, మనసులో ప్రేమ సమానంగా ఉండదు కానీ ఖర్చులూ రోజులూ సమానంగా పంచితే చాలు అంటాడు. పాకిస్తాన్ 1961లో మధ్యవర్తి మండలి అనుమతి కావాలంది, మొరాకో 2004లో జడ్జి అనుమతి కావాలంది. ఇన్ని అర్థాలున్నప్పుడు, మతానికి వదిలేశాం అంటే ఆ ఊళ్లో ఆ రోజు పెద్దరికం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి వదిలేశాం అనే. ఆ పెద్దరికం ఆడవాళ్ల చేతిలో ఉండటం నేనైతే చూడలేదు. నా దీన్ (మతం) మీద నాకు నమ్మకం ఉంది, దాన్ని నా తరఫున చదివి చెప్పే ప్రతి మగాడి మీదా లేదు.

వెన్నెల77:
ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఈసారి రాయాలనిపించింది. మా అమ్మ రెండో భార్య. పెళ్లప్పుడు ఆమెకి తెలియదు, నేను పుట్టాక తెలిసింది. పెళ్లి మాత్రం పద్ధతిగా, పురోహితుడితో, బంధువుల మధ్య జరిగింది, ఆల్బమ్ ఇప్పటికీ ఉంది. నాన్న ప్రభుత్వ ఉద్యోగి. ఆయన పోయాక పెన్షన్ కోసం అమ్మా నేనూ తమ్ముడూ ఆఫీసుకి వెళ్లాం. అక్కడి గుమస్తా మర్యాదస్తుడే, కూర్చోమని నీళ్లిచ్చాడు. ఫైలు తెరిచి చూపించాడు. 'భార్య పేరు' అన్న చోట ఒక్కటే గడి, అందులో పెద్దమ్మ పేరు. పిల్లలకి వాటా వస్తుందమ్మా, మీ పేరు మాత్రం రాయలేను అన్నాడు. మా అర్జీలో అమ్మ పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టాడు, చెరిపితే పోయేంత సన్నగా. పంతొమ్మిదేళ్లు ఆయనకి వండిపెట్టి, ఆఖరి ఏడాది మంచం మీద ఉంటే ఎత్తి దించిన మనిషి పక్కన గీత. అమ్మ ఏమీ అనలేదు, ఆల్బమ్‌ని మళ్లీ సంచీలో పెట్టుకుంది.

కాబట్టి ప్రభుత్వం పెళ్లి జోలికి రాకూడదని మీరంటే, ఆ గడి అసలు ఉండకూడదంటున్నారా? గడి లేకపోతే పెద్దమ్మకీ ఏమీ వచ్చేది కాదు కదా.

పాత_వకీలు:
వెన్నెల గారూ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ అమ్మగారి లాంటి కేసులోనే 1988లో సుప్రీంకోర్టు, మొదటి పెళ్లి సంగతి తెలియక చేసుకున్నా సరే, ఆ పెళ్లి చెల్లదు కాబట్టి భరణం కూడా రాదంది. 2013లో కొంచెం దిగివచ్చింది. మొదటి పెళ్లి దాచిపెట్టి మోసం చేసినవాడు తన మోసాన్నే అడ్డం పెట్టుకుని భరణం ఎగ్గొట్టలేడని చెప్పింది. కానీ అది భర్త బతికుండగా అడిగే భరణం వరకే, పెన్షన్‌కి పనికిరాదు. పిల్లల విషయం వేరు, హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ పిల్లల్ని చట్టబద్ధమైన సంతానంగానే చూస్తుంది, అందుకే మీకూ తమ్ముడికీ వాటా వచ్చింది.

ఇంతకీ నేను చెప్పేది, పెళ్లిని పవిత్రం చేయడం ప్రభుత్వం పని కాదు, దానికి చేతకాదు కూడా. దాని పని పెళ్లి చెడినప్పుడో, మనిషి పోయినప్పుడో మొదలవుతుంది. ఇల్లు ఎవరిది, పిల్లలెవరి దగ్గర, ఆస్పత్రిలో సంతకం ఎవరు పెట్టాలి, ఆ గడిలో ఎవరి పేరు. వీటికి జవాబు కావాలంటే ఏదో ఒక నిర్వచనం ఉండి తీరాలి. రెండో పెళ్లిని గుర్తించనని ప్రభుత్వం అనొచ్చు, నేనూ అదే అంటాను, కానీ ఆ పెళ్లిలో ఉన్న మనిషిని గుర్తించనంటే ఎలా? దక్షిణాఫ్రికా 2000 నుంచి సంప్రదాయ పెళ్లిళ్ల చట్టం కింద ఇంకో భార్యని తెచ్చుకోవడానికి ఒప్పుకుంది, కాకపోతే మగవాడు ముందు కోర్టుకి వెళ్లి ఆస్తి ఎవరికెలా చెందుతుందో రాతపూర్వక ఒప్పందానికి ఆమోదం తెచ్చుకోవాలి. మనకది నచ్చాలనేం లేదు, ఆస్తి మాట ముందే తేల్చుకోమనడం మాత్రం నాకు నచ్చింది.

అడవిగాలి:
ప్రభుత్వం పూర్తిగా తప్పుకోవాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మతం అంటే ఎవరు అని నూర్ గారు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. జైలు విషయంలో మాత్రం నేను మారలేదు. యూటాలోనే 2020లో, ఇష్టపడి చేసుకున్న పెద్దవాళ్ల బహుభార్యత్వాన్ని ట్రాఫిక్ జరిమానా స్థాయి తప్పుకి తగ్గించారు. బెదిరింపో, మోసమో, మైనరో ఉంటే మాత్రం పెద్ద నేరమే. లోపల దెబ్బలు తింటున్నవాళ్లు, ఫిర్యాదు చేస్తే తామే నేరస్తులమవుతామన్న భయంతో నోరు మూసుకుంటున్నారని ఆ మార్పు కోరినవాళ్లు చెప్పారు. అది సబబుగానే అనిపిస్తోంది.

వెన్నెల గారూ, అడగొచ్చో లేదో తెలియదు, మీ పెద్దమ్మగారికి ముందే తెలుసా?

వెన్నెల77:
తెలియదండి. మీరు ముగ్గురి ఇష్టం అని రాశారు చూడండి, పెద్దమ్మని ఎవరూ అడగలేదు, అమ్మని ఎవరూ అడగలేదు, నిర్ణయం నాన్న ఒక్కడిదే. ఆవిడ మమ్మల్ని మొదటిసారి చూసింది ఆ ఆఫీసు వరండాలోనే. గొడవ పడుతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. ఆవిడ తమ్ముడి మొహం వంక చాలాసేపు చూసి, 'అచ్చం ఆయనే' అని బెంచీ మీద కొంచెం పక్కకి జరిగింది. అమ్మ వెళ్లి అక్కడ కూర్చుంది.