20 వేలతో కాకినాడలో ఇద్దరం బతకగలమా? నా లెక్కలో తప్పులు చెప్పండి

కూకట్‌పల్లి58:

నమస్తే అండీ. వచ్చే జూన్‌లో నాకు 58 నిండుతాయి, రిటైర్ అవుతున్నాను. ఇన్నేళ్లూ బాలానగర్‌లో ప్రైవేటు కంపెనీ ఉద్యోగమే. సొంతిల్లు లేదు, అమ్మాయి పెళ్లయి బెంగళూరులో ఉంది. ఇప్పుడుంటున్న డబుల్ బెడ్‌రూమ్‌కి అద్దె 17 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు, జీతం ఆగాక ఇది మోయడం మా వల్ల కాదు. కాకినాడని పెన్షనర్ల స్వర్గం అంటారు కదా, రెండుసార్లు వెళ్లొచ్చాం, రోడ్లు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయని మా ఆవిడకి తెగ నచ్చేసింది. చుట్టాలు మాత్రం అక్కడ ఒక్కరూ లేరు.

పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 28 లక్షలు వస్తాయి. అందులో 15 లక్షలు సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తే 8.2 శాతం చొప్పున 3 నెలలకి 30,750, అంటే నెలకి 10,250. పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్‌లో 9 లక్షలకి నెలకి 5,550. ఈపీఎస్ పెన్షన్ 4,100 వస్తుందంటున్నారు. మొత్తం 19,900. మిగతా 4 లక్షలు ఆపదకి బ్యాంకులో ఉంచేస్తాను, ముట్టుకోను.

ఖర్చులు: అద్దె 8,000, సరుకులు పాలు కూరలు 6,500, కరెంటు గ్యాస్ ఫోన్లు 1,800, మందులు 1,500 (నాకు బీపీ, ఆవిడకి షుగర్). 17,800 అయింది. కాగితం మీద 2,100 మిగులుతోంది, కానీ ఏదో మర్చిపోయానని రాత్రిళ్లు టెన్షన్. అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి.

సర్పవరం_అక్క:

అన్నయ్యగారూ, మేం 2021లో హైదరాబాద్ నుంచి వచ్చాం. 8 వేలకి ఇల్లు దొరుకుతుంది, మేం 8,500 ఇస్తున్నాం, కానీ ఇల్లు చూసేటప్పుడు గదులు కాదు, ముందు బోరు నీళ్లు చూడండి. చాలా వీధుల్లో ఉప్పు నీళ్లే. సబ్బు నురగ రాదు, పప్పు ఎన్ని విజిల్స్ పెట్టినా పలుకులే. మేం వంటకి కూడా టిన్ను నీళ్లే వాడుతున్నాం. పైగా ఎండాకాలం కాలువలు కట్టేశాక మున్సిపల్ కుళాయి సన్నగా వస్తుంది, అప్పుడు టిన్నులు ఇంకా ఎక్కువ పడతాయి.

ఇక కరెంటు. హైదరాబాద్‌లో మాకు ఏసీయే లేదు, ఇక్కడ ఆ ఉక్కకి మొదటి మే నెలలోనే కొన్నాం. 225 యూనిట్ల దాకా వాడితే ఎనర్జీ చార్జీ వెయ్యి చిల్లర, అది దాటితే యూనిట్ 8.75. ఒక మేలో మాకు 325 కాలింది, ఎనర్జీ చార్జీయే 1,892, దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ, ట్రూ అప్ (పాత ఖర్చుల సర్దుబాటని వేసేది) అదనం. మీ 1,800లో గ్యాస్, ఫోన్లు కూడా పెట్టారు, ఎండాకాలం నాలుగు నెలలు అది చాలదు.

ఇంకోటి ఎవరూ చెప్పరు, సముద్రపు గాలి. స్కూటర్ సైలెన్సర్ రెండేళ్లకే చిల్లు పడింది, ఏసీ బయటి యూనిట్‌లో కాయిల్ మార్చాం, ఆఖరికి గోడ గడియారం వెనక మేకు కూడా తుప్పు పట్టి గోడ మీద ఎర్రగా చార దిగింది. రిపేర్లకని నెలకి ఎంతో కొంత తీసి పెట్టుకోండి. ఊరు మాత్రం ప్రశాంతంగానే ఉంటుంది, అందులో అబద్ధం లేదు.

లెక్కల_మాస్టారు:

సార్, నెల ఖర్చు రాశారు, సంవత్సరం ఖర్చు రాయలేదు. పోయిన ఏడాది బ్యాంకు పాస్‌బుక్ ముందేసుకుని, నెలనెలా రానివన్నీ పక్కన రాసి 12తో భాగించండి. కళ్లజోడు, పన్ను పీకించుకోవడం, స్కూటర్ ఇన్సూరెన్స్, పండక్కి అమ్మాయి అల్లుడు వస్తే అయ్యేది, అన్నీ.

అన్నిటికంటే పెద్దది ఆరోగ్య బీమా. కంపెనీ గ్రూప్ పాలసీ మీ ఉద్యోగంతోనే పోతుంది. అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మార్చుకునే వీలుందేమో ఉద్యోగంలో ఉండగానే రాతపూర్వకంగా అడగండి. కొత్తగా తీసుకుంటే మీ బీపీకీ ఆవిడ షుగర్‌కీ 3 ఏళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, అదొక్కటే కాస్త ఊరట. ఆదాయంతో పని లేకుండా ఇచ్చే 5 లక్షల ఆయుష్మాన్ కార్డుకి 70 నిండాలి, మీకింకా పన్నెండేళ్లుంది.

స్కీము సంగతి: 60 నిండకుండా రిటైరైనవాళ్లు డబ్బు చేతికొచ్చిన 3 నెలల్లోపే సీనియర్ సిటిజన్ ఖాతా తెరవాలి. ఇల్లు మారే హడావుడిలో గడువు దాటిందా, ఇక 60 దాకా ఆగాల్సిందే. పైగా అయిదేళ్లూ అదే 10,250 వస్తుంది, పైసా పెరగదు. అద్దె ఏటా 5 శాతం పెరిగినా 8,000 కాస్తా అయిదేళ్లకి 10,200 అవుతుంది.

వెనక్కొచ్చినవాణ్ణి:

గురువుగారూ, నేను కోస్తాలోనే వేరే ఊరికి వెళ్లి 14 నెలలకి తిరిగొచ్చిన బాపతు. అద్దెలో నెలకి 9 వేలు మిగిలింది, సంతోషించాను. మావాళ్లందరూ హైదరాబాద్‌లోనే. గృహప్రవేశం, బారసాల, పదకొండో రోజు, అన్నిటికీ పరుగే. రైల్లో సీనియర్ రాయితీ 2020లో ఎత్తేశాక మళ్లీ పెట్టలేదు. పదకొండుసార్లు వచ్చి వెళ్లాం, ప్రతిసారీ చదివింపులు, స్టేషన్ నుంచి ఆటో, ఊరికే చేతులూపుకుంటూ వెళ్లలేం కదా. మా ఆవిడ కంటి డాక్టరు కూడా ఇక్కడే ఉండిపోయాడు. సామాను లారీకి వెళ్లేటప్పుడు 22 వేలు, వచ్చేటప్పుడు 24. మిగిలిందంతా ఆ దారిలోనే పోయింది.

మీకు నా సలహా ఒకటే, ఇక్కడి ఇల్లు ఖాళీ చెయ్యకుండా ఒక మే నెల అక్కడ గది తీసుకుని వండుకు తినండి. డిసెంబరులో చూస్తే ఏ ఊరైనా నచ్చుతుంది.

కూకట్‌పల్లి58:

అందరికీ దండాలు. రాత్రి పాస్‌బుక్ తీసి కూర్చున్నాం. ఇద్దరికీ బీమా ఏజెంటు 38 వేలు చెప్పాడు, నెలకి 3,200. ప్రయాణాలు 1,500, చదివింపులు వెయ్యి (ఇది రాస్తుంటే మా ఆవిడ నవ్వింది, వెయ్యితో అయిపోతుందా అని), రిపేర్లు, టిన్నులు, అదనపు కరెంటు కలిపి 800. మొత్తం 24,300 తేలింది. వచ్చేది 19,900. నెలకి 4,400 బొక్క!

సర్పవరం_అక్క:

అయితే సామర్లకోట కూడా చూడండి అన్నయ్యగారూ. కాకినాడకి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది, మెయిన్ లైన్ మీది జంక్షన్, హైదరాబాద్ రైళ్లు బోలెడు. మా పనిమనిషి చెల్లెలు అక్కడ రెండు గదులూ వంటిల్లూ 5,500కి ఉంటోంది. వదినగారు ఆధార్‌లో ఇక్కడి అడ్రస్ మార్పించుకుంటే కాకినాడ ఆసుపత్రికి రావడానికి ఆర్టీసీ బస్సులో టికెట్ కొనక్కర్లేదు, ఆంధ్రాలో ఆడవాళ్లకి ఉచితం.

కూకట్‌పల్లి58:

5,500 అంటే లోటు 1,900కి దిగింది. ముట్టుకోనన్న 4 లక్షల మీద వడ్డీ ముట్టుకోక తప్పేలా లేదు. మే మొదటి వారంలో వస్తున్నామమ్మా, నెల రోజులుంటాం. అక్కడ కుళాయి ఏ టైముకి వదుల్తారో, బోరు నీళ్లు తియ్యగా ఉంటాయో లేదో ఆ అమ్మాయిని కాస్త కనుక్కుని పెడతావా? పప్పు కూడా తెచ్చుకుంటాం, ఉడుకుతుందో లేదో అక్కడే తేల్చుకుంటానంటోంది మా ఆవిడ.